చిన్ననాటి వస్తువులు: జ్ఞాపకానికి ఎదురుసాక్షులు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవారు ముందుకు వచ్చి కూర్చోండి. ఏ సభలో చూసినా ముందు వరుస ఖాళీగానే ఉంటుంది. అక్కడ కూర్చుంటే వక్త ప్రశ్నలు అడుగుతాడని భయం కాబోలు. ఈ రోజు ఆ భయం నిజమే. మొదటి ప్రశ్న ఇప్పుడే అడుగుతున్నాను.

మీ చిన్నతనం నాటి వస్తువు, ఇప్పటికీ మీ దగ్గర ఉన్నది, ఒక్కటి తలచుకోండి. గొప్పది కానక్కరలేదు. అరిగిపోయిన పెన్సిలు ముక్క కావచ్చు, చెయ్యి ఊడిన బొమ్మ కావచ్చు, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం కావచ్చు. తలచుకున్నారా? ఇప్పుడు రెండో ప్రశ్న. దాన్ని దాచింది ఎవరు? మీరా, మీ అమ్మగారా?

నవ్వుతున్నారు కానీ, ఇది చిన్న ప్రశ్న కాదు. ఇళ్ళలో రెండు రకాల పెట్టెలు ఉంటాయి. ఒకటి పెద్దలు పిల్లల కోసం దాచినది. అందులో మొదటి జత బూట్లు, మొదటి ఉంగరాల జుట్టు, ఊడిన పాలపన్ను, ఆసుపత్రిలో పుట్టిన రోజున మణికట్టుకు కట్టిన పట్టీ ఉంటాయి. అన్నీ శుభ్రంగా, వరుసగా, ఒక్కొక్కటీ పొట్లం కట్టి ఉంటాయి. రెండో పెట్టె పిల్లలు తమంతట తాము దాచుకున్నది. అందులో ఏముంటాయో చెప్పడం కష్టం. ఒక బొత్తాం, ఒక ఈక, నున్నటి రాయి, దేనిదో తెలియని తాళంచెవి, పగిలిన గోళీ సగం. మొదటి పెట్టె తరాల పాటు బతుకుతుంది. రెండోది ఇల్లు మారినప్పుడో, సున్నాలు వేసినప్పుడో చెత్తలోకి పోతుంది. నా ఉద్దేశంలో ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం. ఎందుకో చెబుతాను.

ఈ రెండు రకాలూ ఎంత పాతవో ముందు చూద్దాం. 1922లో హోవర్డ్ కార్టర్ బృందం ఈజిప్టులో టుటన్‌ఖామన్ సమాధిని కనుగొంది. చిన్నపిల్లవాడిగా సింహాసనం ఎక్కి, ఇరవై నిండకుండానే చనిపోయిన రాజు. బంగారు ముఖకవచం ఫొటో మీరందరూ చూసే ఉంటారు. నాకు దానికంటే మరో రెండు వస్తువులు ఇష్టం. ఒకటి, ఒకదానిలో ఒకటి ఇమిడే బుల్లి శవపేటికల్లో భద్రపరిచిన జడపాయ. దాని మీద టియీ రాణి పేరు ఉంది. ఆవిడ ఆ అబ్బాయికి నాయనమ్మ. రెండోది ఒక రెల్లు కర్ర. ఏ నీటి ఒడ్డునైనా దొరికే మామూలు రెల్లు. దానికి బంగారు తొడుగు వేసి, రాజుగారు స్వహస్తాలతో కోసిన రెల్లు ఇది అని రాశారు. ఆలోచించండి. చుట్టూ అంత బంగారం ఉండగా, ఈ రెల్లు ఎవరు కోశారో రాసిపెట్టాలని ఎవరికో అనిపించింది. ఆ ఒక్క వాక్యం లేకపోతే మూడువేల మూడువందల ఏళ్ళ తర్వాత తవ్వినవాళ్ళకు అది కర్రముక్క, అంతే. వస్తువుతో పాటు ఇలా రాసిపెట్టే చీటీ విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు మొదటి పెట్టె సంగతి. ఆ బూట్లు వేసుకున్న రోజు మీకు గుర్తుందా? ఉండదు. పెద్దవాళ్ళను అడిగితే వారి తొలి జ్ఞాపకం సగటున మూడు, మూడున్నర ఏళ్ళ వయసు దగ్గర మొదలవుతుంది. అంతకు ముందుది దాదాపు ఖాళీ. దీనికి శైశవ విస్మృతి అని పేరు. పసిపిల్లలకు జ్ఞాపకశక్తే ఉండదని దీనర్థం కాదు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా బవర్ బృందం మూడేళ్ళ పిల్లలు తల్లులతో కలిసి ఇటీవలి సంఘటనల గురించి మాట్లాడుతుంటే రికార్డు చేసింది. అదే సంఘటనల గురించి కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ అడిగింది. అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య అడిగిన పిల్లలకు 60 శాతానికి పైగా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ళకు అడిగినవారికి 40 శాతం లోపే. 2014లో వెలువడిన ఫలితం ఇది. అంటే మనం బాల్యాన్ని ముసలితనంలో మరచిపోవడం లేదు. బాల్యంలోనే, ఏడేళ్ళు దాటుతుండగానే, మన చేతుల మీదుగానే జారిపోతోంది.

కాబట్టి మొదటి బూట్లు మీ జ్ఞాపకం కావు, మీ అమ్మగారి జ్ఞాపకం. అవి మీ పేరు మీద ఉన్న ఆవిడ ఆస్తి. ఇందులో తప్పేమీ లేదు. ఆవిడ ఆ రోజుల్లో ఎంత నిద్రలేమితో, ఎంత ఆశతో ఉన్నారో ఆ బూట్లు ఆవిడకు చెబుతాయి. మీకు చెప్పవు. పెళ్ళయ్యాక ఆ పెట్టె ఇస్తే కొందరు పిల్లలు ముఖాన ఏ భావమూ లేకుండా తీసుకుంటారు, తల్లులు నొచ్చుకుంటారు. పాపం, ఇద్దరిదీ తప్పు కాదు.

ఒక్క పాలపన్ను మాత్రం దీనికి మినహాయింపు. పాలపళ్ళ పింగాణీ పొర తల్లి కడుపులో ఉండగానే ఏర్పడడం మొదలవుతుంది. పుట్టిన సమయంలో శరీరం పడే ఒత్తిడికి ఆ పొరలో సన్నని గీత ఒకటి పడుతుంది. సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. నవజాత రేఖ అంటారు. మీకు గుర్తులేని మీ పుట్టుకను మీ పన్ను రాసిపెట్టుకుంది. ఆ పన్నును పారేయకండి. నాకు వింత వస్తువుల మీద కాస్త మోజు ఎక్కువ, క్షమించాలి.

ఇక రెండో పెట్టె. పిల్లవాడు తనే ఎంచుకున్న వస్తువు. దీని గురించి శ్రద్ధగా మాట్లాడినవాడు డొనాల్డ్ వినికాట్, బ్రిటిష్ శిశువైద్యుడు, మనోవిశ్లేషకుడు. 1951లో ఒక పత్రం చదివాడు, 1953లో అది అచ్చయింది. పసిబిడ్డ ఒక దుప్పటి కొసనో, గుడ్డబొమ్మనో పట్టుకుని వదలదు కదా, ఆ వస్తువు గురించి. అది అమ్మ కాదు, అలాగని పూర్తిగా బయటి వస్తువూ కాదు. రెండింటికీ నడిమి చోటులో ఉంటుంది. అమ్మ లేని కాసేపు తట్టుకోవడానికి బిడ్డ తానే సృష్టించుకున్న ఆసరా అది. వినికాట్ గమనించిన ఒక సంగతి ఇక్కడున్న తల్లులందరికీ తెలుసు. ఆ గుడ్డ ఎంత మాసినా, కంపు కొట్టినా ఉతకనివ్వరు. ఉతికితే బిడ్డ అనుభవంలో కొనసాగింపు తెగిపోతుందని తల్లికి లోలోపల తెలుసు, అందుకే ఊరుకుంటుంది అన్నాడు. ఉతికి ఆరేశాక ఆ ఏడుపు విన్నవారికి ఈ సిద్ధాంతం వివరించనక్కరలేదు.

2008లో బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు ఒక కొంటె ప్రయోగం చేశారు. ఏ వస్తువు పెట్టినా అచ్చం అలాంటిదే మరొకటి తయారుచేసే యంత్రమని పిల్లలకు ఒక పెట్టె చూపించారు. నిజానికి అది గారడీ పెట్టె. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు. మామూలు బొమ్మలైతే నకలు తీసుకోవడానికి వారికి అభ్యంతరం లేదు, పైగా సరదా. రాత్రి పక్కలో పెట్టుకుని పడుకునే బొమ్మ దగ్గరికి వచ్చేసరికి చాలామంది అసలుదే కావాలన్నారు. కొందరైతే దాన్ని యంత్రంలో పెట్టడానికే ఒప్పుకోలేదు. నకలుకు అదే రంగు, అదే పరిమాణం, అదే చిరుగు. అయినా వద్దు. వస్తువుకు చరిత్ర ఉంటుందని, అది నకలుకు ఎక్కదని ఎవరూ నేర్పకుండానే ఆ వయసు పిల్లలకు తెలుసు. పెద్దయ్యాక మనమే, అలాంటిదే ఇంకోటి కొనిపెడతాలే అంటాం.

వాసన గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు వెళ్తాను. చూపు, వినికిడి మెదడులో థాలమస్ అనే కూడలి గుండా పోతాయి. వాసన ఆ కూడలిని దాటవేసి, భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాల దగ్గరికి నేరుగా చేరుతుంది. స్వీడన్‌లో వయసు మళ్ళినవారి మీద జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మాటో బొమ్మో చూపితే యౌవనారంభం నాటి జ్ఞాపకాలు ఎక్కువగా వచ్చాయి. వాసన చూపితే మొదటి పదేళ్ళవి ఎక్కువగా వచ్చాయి. కాబట్టి పాత పెన్సిలు పెట్టె మూత తీసినప్పుడు లోపలున్న వస్తువులకంటే ముందు ఆ గాలే మిమ్మల్ని పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇంతవరకు చెప్పినదంతా వస్తువు జ్ఞాపకాన్ని లేపుతుందనే. దాంతో పేచీ లేదు. కానీ దాచుకున్న వస్తువుకు అంతకంటే పెద్ద పని ఒకటుందని నా నమ్మకం. అది మన జ్ఞాపకాన్ని కాదనగలదు.

1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్షనౌక పేలిపోయింది. మర్నాడు ఉదయం ఉల్రిక్ నైసర్ అనే మనస్తత్వవేత్త తన విద్యార్థులకు కాగితాలిచ్చి, ఆ వార్త ఎక్కడ ఉండగా, ఎవరి ద్వారా, ఎలా విన్నారో రాయించాడు. దాదాపు రెండున్నరేళ్ళ తర్వాత వారిలో దొరికినవారిని పిలిచి అవే ప్రశ్నలు అడిగాడు. చాలామంది గట్టి నమ్మకంతో, వివరాలతో సహా, వేరే కథ చెప్పారు. ఇక్కడితో ఆగితే ఇది మరపు గురించిన ప్రయోగమే. తర్వాత వారి చేతిరాత కాగితాలే వారికి చూపించారు. చేతిరాత తమదేనని ఒప్పుకున్నారు. అయినా పాత జ్ఞాపకం తిరిగి రాలేదు. కొత్త కథే నిజమని లోపల అనిపిస్తూనే ఉంది.

2000లో కరీమ్ నాదెర్, జోసెఫ్ లెడూ తదితరులు ఎలుకల మీద చేసిన ప్రయోగాలు ఇంకో అడుగు వేశాయి. తలచుకున్న జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది, మళ్ళీ గట్టిపడాల్సి ఉంటుంది, ఆ మధ్యలో దాన్ని మార్చవచ్చు. మనుషుల విషయంలో దీని పరిధి ఎంత అనే చర్చ వేరు. ఒక్క మాట మాత్రం నిలుస్తుంది. ఎక్కువసార్లు చెప్పిన కథ ఎక్కువ నమ్మదగిన కథ కాదు. మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో అని మురిసిపోయే సంఘటనలే ఎక్కువ చెక్కుడు పనికి గురైనవి.

వస్తువు అలా మారదు. నేను చాలా పొడుగ్గా ఉండేవాడినని నమ్మే మనిషి ముందు అయిదో తరగతి చొక్కా పరచండి. ఆ భుజాల మధ్య మూరెడు గుడ్డ కూడా లేదు. ఆ చొక్కాలో ఉన్న అంత చిన్నవాడినా మా నాన్నగారు అలా గదమాయించింది అని అతనికి కోపం రావచ్చు. లేదా, అంత చిన్నవాడిని నేను, అప్పుడు జరిగినదానికి నన్ను నేనే ఎందుకు తిట్టుకుంటున్నాను అనిపించవచ్చు. కథలో అతను ఎప్పుడూ ఇప్పటి తన సైజులోనే ఉన్నాడు. చొక్కా ఒప్పుకోలేదు.

ఇంకో రకం చూడండి. మా ఇంట్లో నన్ను పట్టించుకున్నవారే లేరు అని ఒకావిడ జీవితమంతా చెప్పుకుంటూ వచ్చింది అనుకుందాం. పెట్టెలో గుడ్డబొమ్మ బయటపడింది. దాని చెయ్యి ఊడిపోతే ఎవరో కుట్టారు. దారం రంగు కలవలేదు, కుట్లు వంకర. ఒకసారి కాదు, పాత కుట్టు పక్కన కొత్త కుట్టు. ఆ వయసు పిల్ల కుట్టగలిగిన పని కాదది. ఎవరో కూర్చుని ఆ పని చేశారు. దాంతో ఆవిడ ఫిర్యాదంతా అబద్ధమైపోదు. కానీ ఇకమీదట కథ చెప్పేటప్పుడు ఆ కుట్లకు కూడా చోటివ్వాలి. దీనికి వ్యతిరేకం కూడా జరుగుతుంది. ఎంత హాయి రోజులో అని చెప్పుకునేవారి పాత డైరీలో వారాల తరబడి ఒకే వాక్యం కనిపిస్తుంది, రేపు బడికి వెళ్ళకూడదు అని. అందుకే దాచుకున్న వస్తువులు తీయగా ఉంటాయన్న మాట నాకు నచ్చదు. చాలా వాటికి ముళ్ళు ఉంటాయి. ఉండాలి కూడా.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది, రావాలి. ఫొటో ఉంది కదా, వస్తువెందుకు? ఫొటో అంత నిజాయితీపరుడు కాదు. 2002లో కింబర్లీ వేడ్ బృందం ఇరవైమంది పెద్దవాళ్ళ చిన్ననాటి ఫొటోలు తీసుకుని, వారెన్నడూ ఎక్కని వేడిగాలి బెలూనులో వారిని కూర్చోబెట్టినట్టు దొంగ ఫొటో తయారుచేసింది. కొన్ని నిజమైన ఫొటోల మధ్య దాన్ని పెట్టి మూడు విడతలుగా మాట్లాడింది. చివరికి సగంమందికి ఆ బెలూను ప్రయాణం పూర్తిగానో, కొంతగానో గుర్తుకు వచ్చింది. అది కంప్యూటర్ మీద కాస్త చెయ్యి తిరిగినవారు చేసే పని. ఇప్పుడు ఫోనులోనే జరుగుతుంది, పాత ఫొటోలో ఏడుస్తున్న పిల్లను నవ్వించవచ్చు. దయచేసి నవ్వించకండి.

అలాగని అన్నీ పోగేయమనడం లేదు. ఇల్లు ఇరుకైతే మనసూ ఇరుకవుతుంది. వదులుకోవడం కష్టమైన వస్తువును ముందు ఫొటో తీసుకుంటే దానం చేయడానికి మనసు ఒప్పుతుందని అమెరికాలో 2017లో వచ్చిన పరిశోధన చెప్పింది. బట్టలకు, బొమ్మల గుట్టలకు ఆ ఉపాయం బాగానే ఉంటుంది. బరువు, వాసన, వెనకవైపు గీతలు ముఖ్యమైన వస్తువులకు మాత్రం సరిపోదు. ఇంకో ఊరట మాట వినికాట్ దగ్గరే ఉంది. బిడ్డ అంత పట్టుబట్టిన ఆ గుడ్డ చివరకు ఏమవుతుంది? మరపుకు రాదు, దాని కోసం దుఃఖమూ ఉండదు, మెల్లగా అర్థం ఖాళీ అయిపోతుంది అన్నాడు. అలా ఖాళీ అయినదాన్ని వదిలేయడం ఆరోగ్యం. తేల్చవలసినది ఆ వస్తువు వాడిన మనిషే తప్ప, అటక ఖాళీ చేసే మనిషి కాదు.

ఎవరూ దాచకపోయినా మిగిలినవి కూడా ఉన్నాయి. రష్యాలోని నొవ్‌గొరోద్‌లో పదమూడో శతాబ్దంలో ఓన్ఫిమ్ అనే ఆరేడేళ్ళ పిల్లవాడు బిర్చి చెట్టు బెరడు మీద అక్షరాలు దిద్దుతూ, మధ్యలో విసుగు పుట్టి బొమ్మలు గీశాడు. గుర్రమెక్కి శత్రువును పొడుస్తున్న వీరుడు, పక్కన తన పేరు. ఒక జంతువు, నేను క్రూర మృగాన్ని అని దాని మీద రాత. మనుషులకు చేతివేళ్ళు ఒకచోట మూడు, ఇంకోచోట అంతకు రెట్టింపు. పారేసిన ఆ బెరడు ముక్కలను గాలి సోకని తడి బురద కాపాడింది. 1956లో తవ్వకాల్లో బయటపడ్డాయి. ఆ కాలపు రాజుల గురించి పుస్తకాలు చదవాలి. ఈ పిల్లవాడికి పాఠం మీద ఎప్పుడు విసుగు పుట్టిందో ఇట్టే తెలిసిపోతుంది. కానీ బురదను నమ్ముకుని కూర్చోలేం కదా.

దాచడం ఎలాగో బోస్నియా రాజధాని సారయెవోలో చూసి నేర్చుకోవచ్చు. 1992 నుంచి 1996 దాకా ముట్టడిలో నలిగిన నగరం. ఆ రోజుల్లో అక్కడ పిల్లవాడిగా ఉన్న యాస్మింకో హలీలోవిచ్, యుద్ధంలో నీ బాల్యం ఎలా గడిచిందో 160 అక్షరాల్లో రాయమని 2010లో తన తరంవారిని అడిగాడు. ఆ జవాబుల వెంట వస్తువులూ వచ్చాయి. 2017 జనవరిలో యుద్ధ బాల్యపు మ్యూజియం తెరిచారు. బొమ్మలు, బట్టలు, ఉత్తరాలు, డైరీలు. వేటికీ మార్కెట్లో విలువ లేదు. ప్రతి వస్తువు పక్కన దాని యజమాని చెప్పిన కథ, ఆ మనిషి మాటల్లోనే. నాయనమ్మ జడపాయ మీద పేరు, రెల్లు మీద వాక్యం చేసిన పనే ఇక్కడా జరుగుతోంది.

కాబట్టి చీటీ రాయండి. ఏమిటిది, ఎవరిది, ఎవరిచ్చారు, ఎందుకు పారేయలేదు. చివరి ప్రశ్నకు జవాబు రాయడమే కష్టం, అదే అవసరం. ఫొటోల వెనక రాసేటప్పుడు మెత్తటి పెన్సిలు వాడండి, బాల్‌పెన్ను ఒత్తితే ముందువైపు గీత తేలుతుంది. జిగురు పేజీల ఆల్బముల్లోంచి ఫొటోలు తీసేయండి, ఆ జిగురు వాటిని తినేస్తుంది. నల్లటి అక్షరాల రసీదులు, టిక్కెట్లు వేడికి అచ్చయ్యే కాగితం మీద ఉంటే కొన్నేళ్ళకు తెల్లబోతాయి, ఇప్పుడే నకలు తీసుకోండి. మెత్తటి ప్లాస్టిక్ రబ్బర్లను, బొమ్మలను వేరే వస్తువులకు తగలనివ్వకండి, వాటిలోని నూనెలాంటి పదార్థం బయటికి ఊరి పక్కదానికి అంటుకుంటుంది. గుండుసూదులు, పిన్నులు తీసేయండి, తుప్పు పడుతుంది. పాత క్యాసెట్లలో చిన్ననాటి గొంతులుంటే వాటిని అన్నింటికంటే ముందు చూడండి, అయస్కాంత టేపు ఆయుష్షు కాగితం కంటే చాలా తక్కువ. ఎండ తగలని, చెమ్మ లేని చోటు చాలు. అటక మంచి చోటు కాదు.

ఇందాక చీటీ మీద ఎవరో ప్రశ్న పంపారు, చూశాను. ఒకే బొమ్మ, ముగ్గురు తోబుట్టువులు, ముగ్గురూ అది తమదే అంటున్నారు, ఎవరికివ్వాలి అని. బొమ్మ ఎవరింట్లో ఉండాలన్నది మీరే తేల్చుకోండి, అందులో నేను తలదూర్చను. కథలు మాత్రం మూడూ విడివిడిగా రాయించండి, ఒకరిది ఇంకొకరు చదవకముందే. తర్వాత బొమ్మను మధ్యలో పెట్టి చదవండి. కాలు విరిగింది అన్నయ్య తన్నడం వల్లా, కుక్క కొరకడం వల్లా అన్న తగాదా ఉంటే, పళ్ళ గాట్లు ఉన్నాయో లేవో చూస్తే సరిపోతుంది.

ఇంకా ప్రశ్నలుంటే అడగండి.